నీతి దేవుడిచ్చిందా, ప్రకృతిలోంచి పుట్టిందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నకు సూటి జవాబు ఉందా?

ముందు ప్రశ్నను విడదీస్తే కొంతవరకు ఉంది. "నీతి ఎక్కడి నుంచి వచ్చింది?" అనే ఒక్క మాటలో సాధారణంగా నాలుగు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. జాలి, సిగ్గు, అన్యాయం చూస్తే రేగే కోపం మనిషిలో ఎలా ఏర్పడ్డాయన్నది మొదటిది. అది జీవశాస్త్రం, చరిత్ర తేల్చాల్సిన విషయం. ఏది మంచో ఏది చెడో మనకు ఎలా తెలుస్తుందన్నది రెండోది. తెలియడం సంగతి అలా ఉంచితే, మంచి మంచి కావడానికి ఆధారం ఏమిటన్నది మూడోది. మంచిదని తెలిసినా, నష్టపోతామని తెలిసినప్పుడు కూడా ఎందుకు పాటించాలన్నది నాలుగోది.

దేవుడే మూలమనేవాళ్లు ఎక్కువగా మూడు, నాలుగు ప్రశ్నల మీద నిలబడి మాట్లాడతారు. పరిణామమే మూలమనేవాళ్లు మొదటిదాని మీద. అందుకే గంటలకొద్దీ వాదించుకున్నా ఒకరి మాట ఒకరికి తగలదు. మా అంచనా ఇది: మొదటి ప్రశ్నకు ప్రకృతి వైపు జవాబు చాలా బలంగా ఉంది. మూడోదానికి మాత్రం అది ఒంటరిగా జవాబు చెప్పలేదు. దైవాజ్ఞ కూడా చాలామంది అనుకున్నంత తేలిగ్గా చెప్పలేదు.

దేవుడు చెప్పాడు కాబట్టే మంచి మంచి అయిందంటే ఇబ్బంది ఏమిటి?

ఈ ఇబ్బందిని సుమారు 2400 ఏళ్ల కిందట ప్లేటో 'యూథైఫ్రో' అనే సంభాషణలో రాశాడు. అందులో సోక్రటీస్ అడిగేది ఇది: పుణ్యకార్యాన్ని దేవతలు ఇష్టపడేది అది పుణ్యం కాబట్టా, లేక దేవతలు ఇష్టపడ్డారు కాబట్టి అది పుణ్యమైందా?

రెండోదే నిజమైతే, దేవుడు రేపు క్రూరత్వాన్ని ఆజ్ఞాపిస్తే అదే మంచి అయిపోతుంది. "దేవుడు మంచివాడు" అనే పొగడ్తకూ అర్థం పోతుంది, ఎందుకంటే అప్పుడు అది "దేవుడు తనకు నచ్చింది చేస్తాడు" అనడంతో సమానం. మొదటిది నిజమైతే, మంచి అనేది దేవుడి ఆజ్ఞ కంటే ముందే ఉంది. ఆయన దాన్ని గుర్తించి మనకు చెప్పాడంతే. అప్పుడు ఆయన గొప్ప గురువవుతాడు కాని, మంచికి మూలం కాడు.

ఆస్తిక తాత్వికులు దీనికి జవాబు చెప్పలేదనుకుంటే పొరపాటు. మంచి దేవుడి ఇష్టంలో కాదు, ఆయన స్వభావంలోనే ఉందనేది ఎక్కువమంది చెప్పే సమాధానం. 20వ శతాబ్దంలో రాబర్ట్ ఆడమ్స్ దీన్ని ఇంకొంచెం సవరించి, ప్రేమమూర్తి అయిన దేవుడి ఆజ్ఞలే మనల్ని బాధ్యులను చేస్తాయని, క్రూరమైన ఆజ్ఞకు ఆ అధికారం ఉండదని వాదించాడు. సమాధానం బాగానే ఉంది. కాని ప్రశ్న ఒక మెట్టు పైకి జరిగిందే తప్ప పోలేదు: దయ దేవుడి స్వభావంలో ఉంది కాబట్టి మంచిదా, లేక మంచిది కాబట్టి దయ ఉన్న స్వభావాన్ని మంచి స్వభావం అంటున్నామా?

ఇస్లాంలోనూ ఇదే తగవు పెద్దఎత్తున నడిచింది. మంచిచెడులను బుద్ధి సొంతంగా గ్రహించగలదని ముతజిలా పండితులు అన్నారు. దేవుడి ఆజ్ఞే వాటిని నిర్ణయిస్తుందని అష్అరీ సంప్రదాయం చెప్పింది. క్రైస్తవంలో 13వ శతాబ్దపు థామస్ అక్వినాస్ మధ్యేమార్గం పట్టాడు: దేవుడు మనిషి స్వభావాన్ని, బుద్ధిని ఒక తీరులో చేశాడు, ఆ స్వభావాన్ని పరిశీలిస్తే నీతి సూత్రాలు బుద్ధికి అందుతాయి. అంటే గ్రంథం చదవనివాడికి కూడా నీతి తెలుస్తుందని ఒప్పుకున్నట్టే. "దేవుణ్ని నమ్మితేనే నీతి" అనే మాట మతాల లోపలే అందరూ ఒప్పుకున్నది కాదన్నమాట.

సృష్టికర్త లేకుండా ధర్మాన్ని చెప్పిన సంప్రదాయాలు ఉన్నాయా?

ఉన్నాయి, అవి చిన్నవేమీ కావు. జైనం, బౌద్ధం సృష్టికర్తను ఒప్పుకోకుండానే అహింసను, కరుణను కేంద్రంగా పెట్టుకున్నాయి. కర్మఫలం తనంతట తానే పక్వానికి వస్తుంది, దాన్ని పంచిపెట్టే న్యాయాధిపతి అక్కర్లేదని వాటి లెక్క.

ఇంకా ఆసక్తికరమైనది వేదవాక్యాల అర్థాన్ని విచారించే దర్శనం, పూర్వమీమాంస. "చోదనాలక్షణోఽర్థో ధర్మః" అన్న జైమిని సూత్రం ప్రకారం ధర్మం వేదవిధి ద్వారానే తెలుస్తుంది. కాని ఆ వేదాన్ని ఎవరూ రచించలేదు, అది అపౌరుషేయం. ఆజ్ఞ ఉంది, ఆజ్ఞాపించినవాడు లేడు. 7వ శతాబ్దానికి చెందినవాడని భావించే కుమారిల భట్టు సృష్టికర్త ఉన్నాడనే వాదాన్ని సూటిగా ఖండించాడు. వైదిక కర్మకాండకు గట్టి సమర్థకుడే ఈశ్వరుడి అవసరం లేదనడం, "నమ్మకం లేకపోతే ధర్మం లేదు" అనేవాళ్లు ఓసారి నిలబడి చూడాల్సిన విషయం.

వేదాంతులు ఈశ్వరుణ్ని ఒప్పుకున్నారు. అయినా ఫలాన్ని ఆయన ఇష్టం వచ్చినట్టు ఇవ్వడని, జీవుల కర్మను బట్టే ఇస్తాడని బ్రహ్మసూత్రాలు (2.1.34) చెబుతాయి. లోకంలోని హెచ్చుతగ్గులకు ఈశ్వరుడిది పక్షపాతమో నిర్దయో కారణం కాదని చెప్పడానికి వచ్చిన సూత్రమది. మనుస్మృతి (2.12) అయితే ధర్మానికి వేదం, స్మృతి, సదాచారంతో పాటు తన ఆత్మకు ప్రియమైనదాన్నీ గుర్తుగా లెక్కపెట్టింది.

బలవంతుడిదే గెలుపు అనే పరిణామంలోంచి దయ ఎలా పుడుతుంది?

"బలవంతుడిదే గెలుపు" అన్నదే తప్పు మాట. సహజ వరణంలో (పరిస్థితులకు తగిన గుణాలే తరాల్లో నిలిచే ప్రక్రియలో) గెలుపంటే తర్వాతి తరాల్లో తన జన్యువుల నకళ్లు ఎక్కువగా మిగలడం. అది కండబలం వల్ల కావచ్చు, సహకారం వల్లా కావచ్చు. చార్లెస్ డార్విన్ 1871లోనే ఈ దారి చూపాడు: గుంపుగా బతికే ఏ జంతువుకైనా సంఘ ప్రవృత్తులతో పాటు మనిషికున్నంత బుద్ధి కూడా వస్తే, దానికి అంతరాత్మ లాంటిది ఏర్పడి తీరుతుందని ఆయన అభిప్రాయం.

ఆ తర్వాత వంద ఏళ్లలో లెక్కలు తేలాయి. మొదటిది రక్తసంబంధం. 1964లో విలియం హామిల్టన్ ఇచ్చిన సూత్రం చాలా చిన్నది: సాయం చేసేవాడికి అయ్యే నష్టం కంటే, పొందేవాడికి కలిగే లాభాన్ని వాళ్ల బంధుత్వపు పాలుతో (రక్తసంబంధం వల్ల ఇద్దరికీ ఉమ్మడిగా వచ్చిన జన్యువుల వంతుతో) గుణించగా వచ్చేది ఎక్కువైతే, ఆ సాయగుణం తరాల్లో వ్యాపిస్తుంది. తోబుట్టువుల మధ్య ఆ పాలు సగం. అన్నదమ్ముల పిల్లల మధ్య ఎనిమిదో వంతు. కాబట్టి 1 పాలు నష్టపోయి చేసే సాయం తోబుట్టువుకు 2 పాళ్లకు మించి, పెదనాన్న బిడ్డకు 8 పాళ్లకు మించి లాభం ఇస్తేనే నిలుస్తుంది. ఇక్కడ ఎవరూ కూర్చుని లెక్క వేసుకోరు. లెక్కకు సరిపడే భావాలున్న జీవులు మిగిలాయి, అంతే.

రెండోది బదులు సాయం. బంధువు కానివాడికి ఎందుకు చేయాలన్న ప్రశ్నకు రాబర్ట్ ట్రివర్స్ 1971లో జవాబిచ్చాడు: మళ్లీ మళ్లీ కలిసేవాళ్లు, ఎవరు బదులు చేశారో గుర్తుపెట్టుకోగలిగినవాళ్లు అయితే ఇచ్చిపుచ్చుకోవడం ఇద్దరికీ లాభం. రక్తం తాగే గబ్బిలాలను తరచూ ఉదాహరణగా చెబుతారు. వరసగా రెండు మూడు రాత్రులు ఆహారం దొరక్కపోతే అవి చచ్చిపోతాయి. దొరికిన గబ్బిలం దొరకనిదానికి తాగిన రక్తం కక్కి ఇస్తుంది. ఇది ఎక్కువగా చుట్టాలకు, లేదా చాలాకాలంగా పక్కన ఉండేవాటికి జరుగుతుంది.

రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ దీన్నే కంప్యూటర్ పోటీగా పెట్టాడు: ప్రోగ్రాములు జంటలుగా మళ్లీ మళ్లీ తలపడి, ప్రతిసారీ సహకరించాలో ద్రోహం చేయాలో ఎంచుకుంటాయి. మొదటిసారి 14 ప్రోగ్రాములు, రెండోసారి 62. రెండుసార్లూ గెలిచింది అనాటోల్ రాపొపోర్ట్ పంపిన అతి చిన్నది: మొదట సహకరించు, ఆ తర్వాత ఎదుటివాడు కిందటిసారి ఏం చేస్తే అదే చెయ్యి. దీని లోపం పొరపాట్ల దగ్గర బయటపడుతుంది. ఒక్కసారి ఒకడు పొరబడి ద్రోహం చేస్తే రెండోవాడు బదులు తీర్చుకుంటాడు, దానికి మళ్లీ బదులు, అలా ప్రతీకారం ఆగదు. అప్పుడప్పుడూ క్షమించే రకాన్ని ప్రవేశపెడితే ఆ గొలుసు తెగుతుంది. క్షమకు కూడా ఒక లెక్క ఉందని ఇలా తేలింది.

వీటిపైన మనిషికి మాత్రమే ఉన్నంత స్థాయిలో మూడోది చేరింది: పరువు. మాట్లాడే జీవుల్లో ఎవడు మోసగాడో ఊరంతా తెలిసిపోతుంది. చాటున చేసిన పనికి కూడా వెల ఉంటుంది. పైగా సంస్కృతి, శిక్ష, ఆచారం ఇవన్నీ తరం నుంచి తరానికి జన్యువుల అవసరం లేకుండానే అందుతాయి.

ఇక్కడ దొర్లే తప్పులు రెండు. "స్వార్థ జన్యువు" అన్న (రిచర్డ్ డాకిన్స్ పుస్తకం) పేరు విని మనుషులంతా స్వార్థపరులని శాస్త్రం చెప్పిందనుకోవడం ఒకటి. నిజానికి ఆ సిద్ధాంతం వివరించేది జన్యుస్థాయిలోని పోటీ మనిషి స్థాయిలో త్యాగంగా ఎలా బయటికి వస్తుందోనన్నది. "జాతి మేలు కోసం" జంతువులు త్యాగం చేస్తాయనడం రెండోది. 1966లో జీవశాస్త్రవేత్త జార్జ్ విలియమ్స్ దాన్ని గట్టిగా దెబ్బకొట్టాడు. సమూహ వరణానికి (గుంపుల మధ్య పోటీలో గుంపుకు మేలు చేసే గుణాలు నిలవడానికి) పరిమితమైన పాత్ర ఉందా అన్న వాదం మాత్రం జీవశాస్త్రవేత్తల్లో ఇంకా నడుస్తోంది.

జంతువులకు నీతి ఉందంటారా?

నీతి అనడం ఎక్కువే. దానికి కావలసిన ముడిసరుకు ఉంది. 1964లో అచ్చయిన ఒక ప్రయోగంలో, గొలుసు లాగితే ఆహారం వస్తుంది కాని పక్క గదిలోని కోతికి విద్యుత్ షాక్ తగులుతుంది. ఇది గమనించిన రీసస్ కోతుల్లో ఎక్కువ లాగడం మానేశాయి. ఒకటైతే 12 రోజులు తిండి మానుకుంది. 2011 నాటి ప్రయోగంలో ఎలుకలు బోనులో చిక్కిన తోటి ఎలుకను విడిపించాయి. పక్కనే చాక్లెట్ ఉన్నా, దాన్ని పూర్తిగా మింగేయకుండా విడిపించినదానితో పంచుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి.

2003లో పేరుపడ్డ కాపుచిన్ కోతుల ప్రయోగాన్ని (పక్కదానికి ద్రాక్ష ఇచ్చి తనకు దోసకాయ ఇస్తే విసిరికొట్టడం) మాత్రం జాగ్రత్తగా వాడండి. అది అన్యాయం మీద కోపం కాదు, ఎదురుగా ఇంకా మంచి తిండి కనిపిస్తుంటే కలిగే నిరాశ మాత్రమే అని తర్వాతి పరిశోధకులు గట్టిగానే వాదించారు.

ఏ జంతువూ "నువ్వు అలా చేయకూడదు, ఎందుకంటే..." అని కారణం చెప్పదు. ఆ "ఎందుకంటే" దగ్గరే మనిషి నీతి వేరుపడుతుంది.

పసిపిల్లలకు పుట్టుకతోనే మంచిచెడులు తెలుసా?

2007లో 6 నెలల, 10 నెలల పిల్లలు అడ్డుపడే బొమ్మను కాక సాయం చేసే బొమ్మనే ఎక్కువగా ఎంచుకున్నారని ఒక ప్రయోగం చెప్పింది. ఆ తర్వాత ఎన్నో ప్రయోగశాలలు కలిసి చాలా ఎక్కువమంది పిల్లలతో తిరిగి చేసినప్పుడు ఆ మొగ్గు కనిపించలేదు. కాబట్టి దాన్ని రుజువుగా ఎత్తకండి.

కొంచెం పెద్ద పిల్లల మీద మనస్తత్వవేత్తలు ఎలియట్ ట్యూరియెల్, లారీ నుచ్చి చేసిన పని ఇంతకంటే గట్టిది. భక్తి గల కుటుంబాల పిల్లల్ని కూడా అడిగారు: ఫలానా రోజు పని చేయకూడదన్న నియమం దేవుడు పెట్టకపోతే? చేయవచ్చు, అన్నారు. దొంగతనం చేయమని దేవుడే చెబితే? అప్పుడూ తప్పే, అని ఎక్కువమంది అన్నారు. ఆచారాన్ని ఆజ్ఞకు ముడిపెట్టిన పిల్లలే, హానిని దానికి ముడిపెట్టలేదు. యూథైఫ్రో పేరైనా వినకుండా సోక్రటీస్ పక్కన నిలబడ్డారు.

దేవుణ్ని నమ్మనివాళ్లు నీతిగా ఉండగలరా?

34 దేశాల్లో అమెరికాకు చెందిన ప్యూ పరిశోధన సంస్థ చేసి 2020లో ప్రకటించిన సర్వేలో, నీతిగా ఉండాలంటే దేవుణ్ని నమ్మాలన్నవారి మధ్యస్థ శాతం (దేశాల్ని వరసలో పెడితే నడిమికి వచ్చేది) 45. అభిప్రాయం అది. ప్రవర్తన వేరే సంగతి.

2014లో అమెరికా, కెనడాల్లో 1,252 మందికి రోజులో పలుమార్లు ఫోన్లో సందేశం పంపి, ఆ గంటలో ఏ మంచి పనో చెడ్డ పనో చేశారా, చూశారా అని అడిగారు. చేసిన పనుల సంఖ్యలో మతస్థులకూ కానివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకంటే పాతది, 1973 నాటిది, ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కాబోయే విద్యార్థుల మీద జరిగిన ప్రయోగం. వాళ్లు ఉపన్యాసానికి వెళ్లే దారిలో ఒకడు కూలబడి మూలుగుతుంటాడు. తొందర లేనివారిలో 63 శాతం ఆగారు, ఆలస్యమైందని చెప్పినవారిలో 10 శాతమే ఆగారు. కొందరు చెప్పబోయే ఉపన్యాసం దారిలో పడి ఉన్నవాడికి సాయపడిన మంచి సమరయుడి బైబిలు కథ మీదే. అయినా దానివల్ల గట్టి తేడా ఏమీ రాలేదు.

నాస్తికులు కూడా ఒక మాట గుర్తుంచుకోవాలి. మతం లేని ఇళ్ల పిల్లలే ఎక్కువ ఉదారులని 2015లో ఒక పరిశోధనాపత్రం వచ్చింది, తెగ ప్రచారమైంది. దేశాలకు గుర్తుగా ఇచ్చిన 1, 2, 3 అంకెల్ని విశ్లేషణలో పరిమాణాలుగా లెక్కేశారని తేలి, 2019లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఇప్పటికీ దాన్ని పంచుకునేవాళ్లు ఉన్నారు.

దేవుడు చూస్తున్నాడన్న భయం లేకపోతే సమాజం నిలుస్తుందా?

ఇది నాలుగో ప్రశ్న, అంటే ఎందుకు పాటిస్తారన్నది. ఇక్కడ మతం వైపు కొంత బలం ఉంది. 2010లో 15 విభిన్న సమాజాల మీద వచ్చిన అధ్యయనంలో, సంతకు అలవాటుపడిన సమాజాలవాళ్లు, పెద్ద మతాలను అనుసరించేవాళ్లు ముక్కూమొహం తెలియనివాడితో డబ్బు పంచుకునేటప్పుడు ఎక్కువ సమంగా పంచారు.

కాని ఇదే రంగంలో జారుడు మెట్లూ ఎక్కువ. దైవసంబంధ పదాలు చూపిస్తే జనం ఎక్కువ ఇస్తారన్న 2007 నాటి ఫలితం పెద్ద పునఃప్రయోగంలో నిలబడలేదు. సమాజాలు పెద్దవయ్యాకే నీతిని కాపలా కాసే దేవుళ్లు వచ్చారని 2019లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో వచ్చిన పత్రాన్ని 2021లో వెనక్కి తీసుకున్నారు. సమాచారం దొరకని చోట "లేదు" అని లెక్క వేయడం మీద విమర్శలు వచ్చాయి. ఏది ముందు, ఏది వెనక అన్నది తేలలేదు.

నీతి పరిణామంలో వచ్చిందంటే అది వట్టి భ్రమ అయినట్టేనా?

కాదు, అయితే ప్రశ్న తేలికైనది కాదు. తాత్వికురాలు షారన్ స్ట్రీట్ 2006లో దీన్ని పదునుగా అడిగింది: మన నైతిక నమ్మకాల్ని తీర్చిదిద్దింది బతికి బట్టకట్టడమే అయితే, అవి మనతో సంబంధం లేని నైతిక సత్యాలతో కలిశాయంటే అది వింత కాకతాళీయం కాదా?

మామూలు సమాధానం గణితంతో మొదలవుతుంది. లెక్కించే శక్తి కూడా పరిణామంలోనే వచ్చింది, అంతమాత్రాన రెండూ రెండూ నాలుగు కాకుండా పోలేదు. స్ట్రీట్ వాదాన్ని ఒప్పుకున్నవాళ్లు, గణితంలో తప్పు లెక్క ప్రాణం తీస్తుంది, నీతిలో అలా కాదు అంటారు. మాకు ఈ తేడా నిజమైనదే అనిపిస్తుంది. కాని దైవభావన మీదా ఇదే కత్తి ఆడుతుందని మరచిపోవద్దు: కంటికి కనబడని కర్తల్ని ఊహించే అలవాటుకూ పరిణామ వివరణలు ఉన్నాయి. ఒక నమ్మకం ఎలా పుట్టిందన్న కథ ఒక్కటే దాన్ని తప్పని తేల్చదు.

రెండో వైపు పొరపాటు ఇంకా ఎక్కువ: సహజం కాబట్టి మంచిది అనడం. "ఉంది" నుంచి "ఉండాలి" రాదని 18వ శతాబ్దపు తాత్వికుడు డేవిడ్ హ్యూమ్ చెప్పిన సంగతి ఇక్కడే పనికొస్తుంది. బంధువుల పట్ల పక్షపాతం, బయటివాడంటే అనుమానం కూడా పరిణామం ఇచ్చినవే.

అన్ని సమాజాల్లో ఒకే రకం నీతి కనిపించడం దేవుడున్నాడనడానికి గుర్తు కాదా?

60 సమాజాల జాతివర్ణనల్ని (అక్కడి జీవనం మీద పరిశోధకులు రాసినవాటిని) పరిశీలించిన 2019 నాటి పని ప్రకారం బంధువులకు సాయం, గుంపు పట్ల విధేయత, బదులు చేయడం, ధైర్యం, పెద్దల పట్ల వినయం, సమంగా పంచుకోవడం, ఎదుటివాడి సొత్తును గౌరవించడం ఈ ఏడూ ఎక్కడా చెడ్డవి కాలేదు. ఇతరులు చేస్తే నీకు నచ్చనిదాన్ని నువ్వు ఇతరులకు చేయకన్న మాట కన్ఫ్యూషియస్ దగ్గరా ఉంది, యూదు గురువు హిల్లెల్ దగ్గరా ఉంది, తిక్కన "ఒరులేయవి యొనరించిన" పద్యంలోనూ ఉంది.

ఒకే దేవుడు అందరి హృదయాల్లో రాశాడనేవాడికీ, ఒకే జాతి ఒకే రకం చిక్కుల్ని ఎదుర్కొందనేవాడికీ ఇది సమానంగా సరిపోతుంది. కాబట్టి ఇది ఎవరి వైపూ ఓటు వేయదు. బానిసత్వాన్ని వేల ఏళ్లు మతాలూ మతేతరులూ ఒప్పుకోవడం కూడా అంతే.

దేవుడు పరిణామం ద్వారానే నీతిని ఇచ్చాడనవచ్చా?

అనవచ్చు, తర్కవిరోధం లేదు. జన్యుశాస్త్రవేత్త ఫ్రాన్సిస్ కాలిన్స్ పరిణామాన్ని పూర్తిగా ఒప్పుకుంటూనే మనిషిలోని నైతిక నియమాన్ని దేవుడికి గుర్తుగా చూశాడు. అయితే దీనికీ మూల్యం ఉంది: కరుణతో పాటు గుంపుల పగను కూడా అదే ప్రక్రియ ఇచ్చింది. దానికీ జవాబుదారీ తీసుకోవాలి.

జర్మన్ తాత్వికుడు కాంట్ దారి వేరు. నీతిని బుద్ధి తనకు తానే విధించుకుంటుందన్నాడు. ధర్మానికి తగిన సుఖం దక్కాలన్న ఆశ కోసం మాత్రం దేవుణ్ని అంగీకరించక తప్పదని 1788లో రాశాడు.

ఈ వాదనలోకి దిగితే ఏ క్రమంలో వెళ్లాలి?

మొదట నాలుగు ప్రశ్నల్లో ఏది నడుస్తోందో పైకి చెప్పి ఒప్పించండి. చర్చ మధ్యలో ఎదుటివాడు మూడో ప్రశ్న నుంచి మొదటిదానికి జారితే అక్కడే ఆపండి, తరచూ జరిగేది ఇదే. తర్వాత, మీ జవాబు మీకే ఇబ్బంది తెచ్చే చోటును ముందుగా మీరే చెప్పండి: దైవపక్షానికి యూథైఫ్రో, ప్రకృతిపక్షానికి హ్యూమ్. ప్రయోగం ఏదైనా ఎత్తేముందు దాన్ని తిరిగి చేశారా, వెనక్కి తీసుకున్నారా చూసుకోండి. స్టాలిన్, మతయుద్ధాల పేర్లు వచ్చాయంటే అసలు ప్రశ్న గాలికి పోయినట్టే. చెడ్డపని చేసినవాడి నమ్మకం, మంచికి ఆధారం ఏమిటో చెప్పదు.

"ఎందుకు కొట్టకూడదు?" అని పిల్లలు అడిగితే దేవుడి పేరు చెప్పాలా?

నమ్మే ఇంట్లో చెప్పవచ్చు, కాని అది ఒక్కటే చెబితే చిక్కు. ఆ పిల్లవాడు పెద్దయ్యాక నమ్మకం వదిలేస్తే, దానికి వేలాడదీసిన కారణం కూడా రాలిపోతుంది. "వాడికి నొప్పి పుడుతుంది, నిన్ను కొడితే నీకెలా ఉంటుంది?" అన్న కారణాన్ని ముందు చెప్పి, కావాలంటే ఆ తర్వాత దేవుణ్ని తీసుకురండి. పిల్లల పెంపకం మీద జరిగిన పరిశోధనల్లోనూ, ఎదుటివాడికి జరిగిన హానిని చూపించి కారణం చెప్పడం వట్టి ఆజ్ఞ, బెదిరింపుల కంటే సానుభూతి పెరగడానికి మేలని పదేపదే కనిపించింది. నమ్మని ఇంట్లోనూ "అందరూ ఏమనుకుంటారు" అన్నది ఇంతే బలహీనమైన కారణం. చూసేవాళ్లు లేనప్పుడు అది పనిచేయదు.